కాలవ పడవల కథకి నేనేసిన రెండున్నర చుక్కలు

మూడు గంటల ఇరవై నిమిషాల కార్యక్రమాన్ని గంటంపావులో చూసెయ్యడం నాకు చేతనవును. చూడటమొక్కటే కాదు, దాని మీద అరపేజీ సమీక్ష రాసి, అయిదుకి రెండున్నర చుక్కలేసి, పన్నెండున్నరకల్లా ఇంటికెళ్ళి వేడన్నం తిన్నవాణ్ణి. మా వైపు పత్రికల్లో ఇంతటి పనిమంతుడు ఇంకొకడున్నాడని నేను వినలేదు. ఆ రోజు నన్ను నేను మెచ్చుకున్నంతగా ఉద్యోగం మొత్తంలో మరెప్పుడూ మెచ్చుకోలేదు కనక, ఆ సంగతే ముందు చెబుతున్నాను.

అప్పటికి నా రిటైర్మెంటుకి ఇంకా మూడేళ్ళుంది. వానలు మొదలైన జూన్ నెలలో, తెనాలి ఆఫీసులో వార్తల డెస్కు మీంచి నన్ను తీసి ఆదివారం అనుబంధానికి వేశారు. హోదా మారలేదు, సీనియర్ సబ్ ఎడిటర్నే. సబ్ ఎడిటరంటే విలేకరి పంపిన నాలుగు పేజీల్ని ముప్పావు పేజీకి కోసి, దానికో శీర్షిక పెట్టేవాడు. పేరు బయటికి రాదు. అనుబంధంలో మాత్రం టీవీ కాలమ్ ఒకటుండేది, దానికి కింద పేరు వేసేవాళ్ళు. యాభై అయిదు దాటాక మొదటిసారి తన పేరు అచ్చులో చూసుకున్న మనిషి ఎంత బుద్ధిగా ఉంటాడో నేనూ అంతే బుద్ధిగా ఉన్నాను.

ఆ రోజుల్లో చానళ్ళకి ఉన్నట్టుండి చరిత్ర మీద ప్రేమ పుట్టింది. కోటలు, కరువులు, రైళ్ళు, రేవులు, ఏది దొరికితే దాని మీద డాక్యుడ్రామా తీసేవాళ్ళు. సగం డాక్యుమెంటరీ, సగం నాటకం. ఒక ముక్కలో సంగతి తెలిసినవాళ్ళు కుర్చీలో కూర్చుని చెబుతారు. ఛాతీ పైభాగమే కనపడుతుంది కనక మా వాళ్ళు వాళ్ళని తలకాయలంటారు. తర్వాత ముక్కలో నటులు ఆ జరిగినదాన్నే చేసి చూపిస్తారు, అది రీక్రియేషన్. తలకాయలకి ఖర్చు తక్కువ, నమ్మకం ఎక్కువ. రీక్రియేషన్‌కి ఖర్చూ ఎక్కువే, తప్పులూ ఎక్కువే. సమీక్షకుడికి అన్నం పెట్టేది రెండోది.

నేను కొట్టులో పెరిగినవాణ్ణి. తెనాలిలో కాలవ రేవు పక్కన తాళ్ళూ మేకులూ గొలుసులూ అమ్మే కొట్టు మా నాన్నది. సరుకు నచ్చిన సంగతి మొహంలో తెలియనివ్వకూడదనేది బేరంలో మొదటి పాఠం. చేతిలోకి తీసుకోగానే ఒక లోపం చెప్పాలి. లోపం దొరక్కపోతే రంగు బాలేదనాలి. చరిత్ర కార్యక్రమాలకి కూడా అదే వాటం పట్టాను. రాజుగారికి వింజామర వీచేవాడి మణికట్టు మీద వాచీ పెట్టుకునే చోట తెల్లటి మచ్చ, కోటగోడ మీద చాప కప్పి దాచిన స్విచ్ బోర్డు, తాతలనాటి పెళ్ళిలో ప్లాస్టిక్ బిందె, ఇలాంటివన్నీ ఏరి వరసగా పెట్టేవాణ్ణి. పాఠకులకి తెగ నచ్చింది. టిఫిన్ హోటల్లో పక్క బల్ల వాళ్ళు ఈ వారం ఎన్ని పట్టారు సార్ అని అడిగేవాళ్ళు, చేపల గురించి అడిగినట్టు. సంగీతం గురించీ కెమెరా గురించీ రాసే సమీక్షకుల్ని చూస్తే నాకు జాలేసేది. బేరం తెలియని మనుషులు.

పద్ధతి ఇలా ఉండేది. ప్రసారానికి వారం ముందు చానల్ వాళ్ళు కంప్యూటర్లో చూసుకోవడానికి లింకు పంపుతారు. బొమ్మ మీద అడ్డంగా మన పేరుంటుంది, ఇంకెవరికన్నా ఇస్తే దొరికిపోతాం. ప్రసారమయ్యే దాకా సమీక్ష అచ్చువెయ్యకూడదనే షరతుంటుంది. చుక్కలు అయిదింటికి లెక్క. రెండు కంటే తక్కువ వెయ్యొద్దని మా ప్రకటనల విభాగం వాళ్ళ మాట, మూడేస్తే మెచ్చుకున్నట్టు. అందుకని రెండున్నర నాకు బాగా కలిసొచ్చిన ధర. తిట్టినట్టూ ఉంటుంది, తిట్టనట్టూ ఉంటుంది. చానల్ ప్రచారం చూసే అబ్బాయి ఫోన్ చేసి, "ఇంకో అర చుక్క చూడండి సార్, మా మీద దయుంచి" అని బతిమాలేవాడు. "ఈసారికి ఇంతే అబ్బాయ్, వచ్చే సరుకులో చూద్దాం" అనేవాణ్ణి.

మరుసటేడు జులైలో వచ్చింది కాలవ పడవల సిరీస్. డెల్టా కాలవల్లో పడవలు నడిచిన కాలం మీద అయిదు భాగాలు, ఒక్కొక్కటి నలభై నిమిషాలు. సగం షూటింగు బాపట్ల, రేపల్లె చుట్టుపక్కలే జరిగింది. నేను తలకాయలన్నిటినీ దాటేసి రీక్రియేషన్లు మాత్రం చూశాను. తప్పులుండేది అక్కడే కదా, తక్కిన చోట కాలం దండగ చెయ్యడమెందుకు.

రెండో భాగంలో నా వేట నాకు దొరికింది. నిజాంపట్నం వైపు నుంచి ఉప్పు, ఎండు చేపలు వేసుకుని ఒక పడవ ఎదురు నీటికి తెనాలి వస్తోంది. ఎదురు నీటికి పడవ దానంతట అది రాదు. పడవ మీద ఒకడు పొడుగాటి గెడ వేసి తోస్తుంటే, మోకు తాడు భుజానేసుకుని కాలవ కట్ట మీద నడుస్తూ ఇంకొకరు లాగాలి. ఇక్కడ ఆ మోకు లాగుతున్నది ఒక ఆడమనిషి. చీర మోకాళ్ళ మీదికి దోపుకుని, పక్కన పదేళ్ళ కూతురితో.

బొమ్మ అక్కడే ఆపి కుర్చీలో వెనక్కి వాలాను. మోకులమ్మిన కొట్టులో పుట్టినవాడికి మోకు సంగతి చెబుతున్నారు వీళ్ళు. అయినా పద్ధతి ప్రకారం ఒక సాక్షిని అడగాలని సుబ్బారాయుడు బాబాయి దగ్గరికెళ్ళాను. మా నాన్నతో కొట్టులో వాటా ఉన్నాయన, అప్పటికి ఎనభై ఎనిమిదేళ్ళు, జ్ఞాపకం మేకులా ఉండేది. పడవలు ఆగిపోయేదాకా రేవుకి ఎదురుగానే కూర్చున్నాననీ, ఒక్క ఆడమనిషి మోకు పట్టుకోవడం ఏనాడూ చూడలేదనీ చెప్పాడు. అంతకంటే ఏం కావాలి. వచ్చి రాసేశాను. అవార్డుల కోసం దర్శకుడు కాలవ కట్ట మీదికి ఆడవాళ్ళని దింపాడనీ, చరిత్రకి చీర కట్టాడనీ ఎత్తిపొడిచాను. ఆ చీర మాట మీద నాకు ప్రత్యేకమైన అభిమానం.

సమీక్ష బాగా పేలింది. చరిత్ర కార్యక్రమాల సమీక్షల్లో ఒక రహస్యముంది. అందరికీ చరిత్ర తెలియదు కనక, మొదట ధైర్యంగా ఎవడు ఏమంటే మిగతావాళ్ళు అదే తూకం రాయితో తూస్తారు. వారం తిరక్కుండా ఇంకో రెండు చోట్ల నా అభ్యంతరమే, తమదైనట్టు, వచ్చింది. చానల్ వాళ్ళు బెదిరిపోయి, వచ్చే ఆదివారం మధ్యాహ్నం పునఃప్రసారంలో ఆ పదకొండు నిమిషాల ముక్క తీసేద్దామని నిర్ణయించారు.

ఆ సంగతి నాకు సోమవారం ఫోన్ చేసి చెప్పింది సుధారాణి గారు. బాపట్లలో కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరు, ఆ సిరీస్‌కి పరిశోధన చేసింది ఆవిడే. కోపంగా మాట్లాడుతుందేమోనని నేను సిద్ధంగా ఉన్నాను గానీ, ఆవిడ గొంతులో కోపం లేదు. రీక్రియేషన్లో చూపించిన పదేళ్ళ పిల్ల ఇప్పుడు రేపల్లెలో కూతురింట్లో ఉందని చెప్పింది. పేరు మస్తాన్‌బీ. అడవులదీవి దగ్గర పుట్టింది, వాళ్ళది సొంత పడవ. మొదటి ప్రసారం రోజు గాలివానకి కేబుల్ తెగి, ఆవిడ చూడలేకపోయింది. అందుకని ఆదివారానికి అడవులదీవి నుంచి చుట్టాలందర్నీ పిలుచుకుంది. ఇంతలో నా సమీక్ష ఎవరో చదివి వినిపించారట.

"పేపర్లో అబద్ధమని పడిందటగా అని వీధిలో అంటున్నారటండి. ఆ ముక్క కూడా తీసేస్తే అది నిజమే అయిపోతుంది. ఒక్కసారి వచ్చి ఆవిడతో మాట్లాడండి సార్. తర్వాత మీరేం రాసినా నేనేం అనను" అంది.

మంగళవారం పొద్దున్న రేపల్లె రైలెక్కాను. నిజం చెప్పాలంటే ఓడిపోతానని వెళ్ళలేదు. ముసలివాళ్ళ జ్ఞాపకాల్లో కల్తీ ఉంటుంది, నెమ్మదిగా రెండు ప్రశ్నలు వేస్తే తేలిపోతుంది, అది మళ్ళీ ఒక కాలమ్ అవుతుందనుకుంటూ వెళ్ళాను.

మస్తాన్‌బీ వరండాలో నులకమంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. సుధారాణి గారు నన్ను పరిచయం చేసింది. ఆవిడ చేతిలో పని ఆపకుండా, "నువ్వేనా నాయనా, నేను మోకు పట్టలేదని చెప్పింది?" అంది.

"మిమ్మల్నని కాదమ్మా. ఆడవాళ్ళెవరూ పట్టేవాళ్ళు కాదని."

"మరి నేనెవర్ని?"

నేను మా కొట్టు సంగతి ఎత్తాను. రేవు పక్కన తాళ్ళ కొట్టు మాదేనమ్మా, పడవల వాళ్ళంతా మాకు తెలుసు అన్నాను.

"పచ్చ తలుపుల కొట్టా?"

"అవునండి."

"అయితే మూర తక్కువ కొలిచేది మీ నాన్నేనా? ఇరవై మూరలు తెస్తే ఇంటికాడ పంతొమ్మిదే తేలేది. మా నాన్న రోజంతా తిట్టేవాడు."

"మా నాన్న చెయ్యి కాస్త పొట్టిదమ్మా."

"చెయ్యి పొట్టిదైతే ధర కూడా పొట్టిగా చెప్పాలి గదా" అంది. లోపల్నుంచి వాళ్ళమ్మాయి నవ్వడం వినపడింది. సుధారాణి గారు కాలవ వైపు ఏదో చూస్తున్నట్టు మొహం తిప్పుకుంది.

నా ప్రశ్నలు రెండూ అయ్యాయి. ఆవిడ జవాబులు మాత్రం తడుముకోకుండా వచ్చాయి. వాళ్ళ నాన్న గెడ వేసేవాడు, మేనమామ చుక్కాని పట్టేవాడు. మోకుకి కూలిమనిషిని పెట్టుకుంటే ఉప్పు మీద మిగిలేది కూలికే సరి. అందుకని అమ్మ లాగేది, పదేళ్ళొచ్చాక తనూ ఒక చెయ్యి వేసేది. కాలవ మీద అలా ఇంకో నాలుగైదు కుటుంబాలుండేవి. అయితే ఊరికి ముందు, కాలవ నీటికి అడ్డంగా తలుపులుండే ఆఖరి లాకు వచ్చేసరికి ఆడవాళ్ళు కట్ట దిగిపోయి, చీర సర్దుకుని, తల మీద కొంగేసుకుని పడవలో తాటాకు గూడు కిందికి చేరేవాళ్ళు. అక్కణ్ణించి రేవు దాకా మోకు మేనమామ అందుకునేవాడు. తెనాలి బజారు కళ్ళబడితే పరువు తక్కువని వాళ్ళ నాన్న పట్టుదల. తిరిగి వెళ్ళేటప్పుడు వాలు నీరు కాబట్టి మోకు పనే లేదు.

"మీ కొట్లో కూర్చుంటే రేవు కనపడుద్ది. కట్ట కనపడదు. కనపడకూడదనేగా మేం దిగింది" అంది మస్తాన్‌బీ, అరచేతిలో గింజలు పళ్ళెంలో పోస్తూ.

బాబాయి అబద్ధం చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు. నిజం ఆ ఆఖరి లాకు దగ్గర చేతులు మారింది.

స్టేషన్‌కి తిరిగొస్తుంటే కూడా నాలో బేరగాడు ఊరుకోలేదు. ఎదురు దాడికి దిగాను. "ఇంత ముఖ్యమైన మాట సిరీస్‌లో పెట్టకుండా ఎలా వదిలారండి? ఇది పెట్టుంటే నేనలా రాసేవాణ్ణి కాదుగా" అన్నాను.

సుధారాణి గారు రెండడుగులు వేశాక చెప్పింది. "పెట్టామండి సార్. రెండో భాగం, ఇరవయ్యారో నిమిషం. ఆవిడే చెబుతుంది, లాకు కూడా చూపించాం."

నేను ఓహో అన్నాను.

"మీరు చూసే రాశారనుకున్నానండి" అంది. దెప్పుతున్నట్టు లేదు. నిజంగానే అలా అనుకుంది. మస్తాన్‌బీ ముందు ఈ మాట ఎందుకనలేదని అడిగితే, పెద్దమనిషి ఇంటికొచ్చాక అలా ఎలా అంటామండి అంది.

ఇంటికి రాగానే సిరీస్ మొదటి నుంచి పెట్టాను. మూడు గంటల ఇరవై నిమిషాలూ చూశాను. ఇరవయ్యారో నిమిషంలో మస్తాన్‌బీ తలకాయ ఉంది, నాతో అన్న మాటలే దాదాపుగా అందులోనూ ఉన్నాయి. మొత్తం మీద మంచి సిరీస్ అది. వాచీ మచ్చలు రెండున్నాయి గానీ, లాకుల పని తీరు అంత వివరంగా ఎవరూ చూపించలేదు.

బుధవారం మా అనుబంధం ఇన్‌ఛార్జి గారి ముందు కూర్చున్నాను. పత్రికలో తప్పు దిద్దడానికి ఒక పద్ధతుంది. పేరు తప్పో, అంకె తప్పో అయితే లోపలి పేజీలో రెండు వరసల సవరణ వేస్తాం. సమీక్ష అభిప్రాయం కిందికి వస్తుంది, అభిప్రాయానికి సవరణ లేదు. ఆయన ఆ రూలే చెప్పాడు. నేను రెండో సమీక్ష రాస్తానన్నాను. ఒకే కార్యక్రమానికి రెండు సమీక్షలెక్కడన్నా ఉన్నాయా అన్నాడు. అరపేజీ అడిగాను, పావుపేజీ దగ్గర తేలింది. అంతదాకా బాగానే ఉంది. చిక్కల్లా మొదటి వాక్యం దగ్గర వచ్చింది. సిరీస్ పూర్తిగా చూడకుండానే సమీక్ష రాశానని నేను మొదలెట్టాను. అది మాత్రం వద్దని, మళ్ళీ ఆలోచిస్తే అభిప్రాయం మారిందని రాయమన్నాడు.

"ఇలా రాస్తే రేపు మన సమీక్షలన్నీ ఇంతేనంటారయ్యా. పేపరు పరువు చూడాలా వద్దా?"

"అలా రాస్తే ఆవిడ మాట నేనేదో దయతలచి ఒప్పుకున్నట్టుంటుందండి. తప్పు నాది, ఆలోచనది కాదు."

పుట్టి బుద్ధెరిగాక బేరమాడకుండా ఒక ధర మీద నిలబడటం నాకదే మొదలు. చివరికి, వాక్యం ఉంటుంది, కాలమ్ మాత్రం నాకుండదు అన్న దగ్గర తేలింది. సరేనన్నాను. అంత త్వరగా సరేనంటానని ఆయన అనుకోలేదు, ఇంకాస్త అడగాల్సిందనుకున్నట్టు చూశాడు.

అదే రోజు చానల్‌కి ఉత్తరం పంపి, ప్రచారం చూసే అబ్బాయికి ఫోన్ చేశాను. ముక్క తియ్యొద్దని చెప్పాను. పునఃప్రసారం కాపీ మంగళవారం సాయంత్రమే సిద్ధమై వెళ్ళిపోయిందనీ, ఒకసారి వెళ్ళాక మార్చే అధికారం తన పైవాడి పైవాడికి కూడా లేదనీ చెప్పాడు. వెబ్‌సైట్‌లో పెట్టే కాపీలో మళ్ళీ చేరుస్తామన్నాడు. నేను రేపల్లెలో స్టేషన్‌కి నడుస్తూ ఎదురు ప్రశ్నలేస్తున్న వేళకి అక్కడ కాపీ కట్టేస్తున్నారన్నమాట.

మస్తాన్‌బీకి మీరు చెబుతారా అని సుధారాణి గారిని అడిగాను. "మీరే చెప్పండి సార్" అంది.

శనివారం మళ్ళీ రేపల్లె వెళ్ళి చెప్పాను. మస్తాన్‌బీ, "పద్నాలుగు మందొస్తున్నారు నాయనా. బిర్యానీకి చెప్పేశాం" అంది. ఆ తర్వాత, "ఏం రాశావో రేపు నువ్వే వచ్చి చదువు. మళ్ళీ ఎవరో చదివితే ఏం చదువుతారో" అంది.

ఆదివారం ఆ పద్నాలుగు మంది ముందు కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు. ఉద్యోగంలో నేను రాసినదాన్ని పైకి చదివిన సందర్భం అదొక్కటే. మొదటి వాక్యం చదవగానే వెనక ఒకాయన, "చూడకుండా రాయడానికి కూడా జీతమిస్తారా అండి?" అని మర్యాదగా అడిగాడు. ఇస్తారండి అన్నాను. ఇంకెవరో, మావాడొకడు ఖాళీగా ఉన్నాడు, వాణ్ణి పెట్టించండి అన్నారు. లాకు దగ్గర చేతులు మారే సంగతి వచ్చేసరికి మాత్రం ఒక ముసలాయన తలూపుతూ, అవును, దిగేవాళ్ళు, మా అత్త కూడా దిగేది అన్నాడు. తర్వాత టీవీ పెట్టారు. రెండో భాగంలో పడవ కదిలింది, వెంటనే రేవు వచ్చేసింది. మధ్యలో కట్ట లేదు, ఆవిడ చెప్పిన మాటా లేదు. మస్తాన్‌బీ చూస్తూనే ఉంది. పూర్తయ్యాక లేచి, సార్‌కి ముందు వడ్డించండి, రైలుంది ఆయనకి అంది.

మూడు వారాల తర్వాత వెబ్‌సైట్‌లో పూర్తి కాపీ వచ్చింది. సుధారాణి గారు తన ఫోన్లో ఆవిడకి చూపించింది, నేనూ ఉన్నాను. బొమ్మ చిన్నదిగా ఉందని విసుక్కుని, కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. ఆ నటి మోకుని అరచేతికి చుట్టుకోవడం చూసి, "అట్టా చుట్టుకుంటే పడవ గుంజినప్పుడు చెయ్యి ఊడొచ్చుద్ది. గుడ్డ మడత పెట్టి భుజాన వేసుకుని దాని మీద వెయ్యాలి మోకు" అంది. నా వైపు తిరిగి, "ఇది రాయలేదేం నువ్వు?" అంది. తప్పులు పట్టడంలో పేరుమోసినవాణ్ణి, ఆ ఒక్కటీ నాకు కనపడలేదు.

బాబాయికి కూడా ఈ సంగతంతా చెప్పాను. "మేం చూసింది చెప్పాంరా. ఎక్కణ్ణించి చూశారని నువ్వడగలేదుగా" అన్నాడు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది కూడా అంతే. సాక్షి ఏం చూశాడో అడిగే ముందు ఎక్కడ నిలబడి చూశాడో అడగాలి. రెండోది, కొట్లో సరుకుకి వంక పెడితే అమ్మేవాడు ఎదురుగానే ఉంటాడు, గట్టిగా మాట్లాడి ధర నిలబెట్టుకుంటాడు. సమీక్షలో అవతలివాడు అక్కడ ఉండడు. వాడి తరఫు మాట కూడా మనమే వినిపించాలి, వినాలంటే మొత్తం చూడాలి.

ఇక అయిన ఖర్చు. కాలమ్ పోయింది, వార్తల డెస్కు మీదే రిటైరయ్యాను. దాన్ని నేను పెద్ద నష్టంగా రాయడం లేదు, ఆ పని నాకు బాగా వచ్చినదే. మొదటి సమీక్షని అందుకున్న మిగతా ఇద్దరూ తమ మాట మార్చుకోలేదు, మార్చుకొమ్మని రాస్తే జవాబివ్వలేదు. నా రెండో సమీక్షని, మొదటిదాన్ని చదివినవాళ్ళలో చాలామంది చూడలేదు. బాపట్లలో ఒక సభలో, కాలవ మీద ఆడవాళ్ళు పడవ లాగారన్నది కల్పితమని తేలిపోయింది కదా అని ఒకాయన నాతోనే అన్నాడు. ఆయనకి చెప్పాను, నమ్మినట్టు లేదు. చానల్ వాళ్ళు తర్వాత తీసిన సిరీస్‌కి సుధారాణి గారిని పిలవలేదు. వివాదం వచ్చిన మనిషన్నారట, వివాదం ఎవరిదో అడగలేదట. మస్తాన్‌బీ చుట్టాల మధ్య కూర్చుని టీవీలో తన తల్లిని చూసుకోవాలనుకున్న ఆదివారం ఒక్కటే, అది మళ్ళీ రాలేదు. ఇంతట్లో నేను వెనక్కి తెచ్చి ఇవ్వగలిగింది ఫోనులో పదకొండు నిమిషాలు. మిగతావి నా వల్ల కాలేదు.